ఇతరుల గడిలో మా అక్క

గత ఆదివారం సబ్బవరంలో మా ఆడపడుచు కొత్తింట్లో మనవరాలి ఓణీల వేడుకకు వెళ్లి, భోజనం మధ్యలో లేచి వచ్చేశాను. డెబ్బై రెండేళ్ల వయసులో విస్తరి ముందు నుంచి లేచిపోవడం నాకు ఇదే మొదటిసారి. నేను అలిగానని చుట్టాలు చెప్పుకుంటున్నారట. అది అలక కాదు, కోపం. ఈ రెండింటికీ తేడా తెలిసిన నా ఈడువాళ్లు మీరు ఉన్నారు కనుక జరిగింది జరిగినట్టు మీకు చెబుతున్నాను.

పప్పు వడ్డించే వరకూ అంతా సవ్యంగానే ఉంది. ఆ తర్వాత ఎవరో లాక్‌డౌన్ కబుర్లు ఎత్తుకున్నారు. ఇప్పుడు అదొక కాలక్షేపం అయిపోయింది. ఎవరికి ఇంట్లోనే జుట్టు కత్తిరించారు, ఎవరు జిలేబీలు చేయబోయి పకోడీలు చేశారు అని ఏదో తీర్థయాత్ర కబుర్లలా చెప్పుకుంటున్నారు. నా పక్కనే కూర్చున్న ఆడపడుచు అరటిపండు ఒలుస్తూ, "ఆ రోజులే బాగున్నాయి వదినా. పిల్లలందరూ ఇంటికాడే ఉండీవోరు. రోజూ పండగలాగుండీది" అంది. అంతలో వడ్డన చేస్తున్న ఆమె కొడుకు గరిటె చేత్తో పట్టుకునే తన బావమరిదికి ఒక కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో వాడి కంపెనీ కారు అద్దానికి అత్యవసర సేవల పాస్ అంటించి ఉండేదట, సముద్రంలో చేపల వేట నిషేధం మొదలయ్యే ముందు రోజు ఆ ధీమాతోనే భీమిలి దాకా పోయి, పడవ దగ్గరే పండుగప్ప చేపలు కొని తెచ్చుకున్నాడట.

"సెక్‌పోస్టు కాడ సెల్యూట్ కొట్టారు బావా! సేపల కోసం ఎల్తన్నామని ఆళ్లకేటి తెల్సు!"

పంక్తి పంక్తంతా నవ్వింది. నేను మాత్రం లెక్క వేసుకున్నాను. వేట నిషేధం ఏటా ఏప్రిల్ పదిహేనున మొదలవుతుంది. ముందు రోజంటే పద్నాలుగు, మంగళవారం, లాక్‌డౌన్ ఇరవై ఒకటో రోజు. ఆ మంగళవారం నేను గాజువాకలో, మా ఇంటి ముందు గదిలో కూర్చుని, అదే భీమిలికి పోవడానికి ఒక కాగితం కోసం ఎదురు చూస్తున్నాను.

ఆ కాగితం సంగతి చెప్పాలంటే ముందు మా అక్క సంగతి చెప్పాలి. అక్క అంటే నా తోడబుట్టినది కాదు, మా బావగారి భార్య, నాకు తోడికోడలు. నేను కొత్తకోడలిగా భీమిలి వెళ్లిన ఆరో నెలలో నాకు పోర్టులో సరుకు లెక్క రాసే గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఇంట్లో మగవాళ్లు ఇంకా ఎటూ తేల్చుకోకముందే, అయిదో తరగతి దాటని ఆవిడ నాలుగింటికే లేచి నా క్యారేజీ సర్ది గుమ్మంలో పెట్టేసింది. ఊళ్లో మొదటి బస్సు అయిదుంబావుకి. మరుసటేడు బాబు పుట్టాక, వాడికి పాలిచ్చి, చీర మార్చుకుని బయటపడేసరికి నాకు రోజూ రెండు మూడు నిమిషాలు ఆలస్యమయ్యేది. బిడ్డను చంకనేసుకుని అక్క నాకంటే ముందే పరుగెత్తి, బస్సుకు అడ్డంగా రోడ్డు మధ్యలో నిలబడిపోయేది. డ్రైవరు హారన్ మోగించినా కదిలేది కాదు. "ఆగు బాబూ, మా సెల్లి వస్తంది" అనేది. డ్రైవరు విసుక్కుంటే, "నీకు సెల్లెళ్లు లేరేటి?" అని ఎదురు అడిగేది. అప్పటి నా చిన్న డైరీల్లో ఆ బస్సు కదిలిన వేళలన్నీ ఉన్నాయి: అయిదూ పదిహేడు, అయిదూ పద్ధెనిమిది, ఒకరోజు అయిదూ ఇరవై. గాజువాకలో ఇల్లు కట్టుకుని వెళ్లేదాకా తొమ్మిదేళ్లు, ఒక్క రోజు కూడా నాకు బస్సు తప్పిపోలేదు. నా కొడుకు నడక నేర్చింది ఆవిడ వేలు పట్టుకునే.

ఆ ఉద్యోగం ముప్ఫై మూడేళ్లు చేశాను. ఓడలోకి ఎక్కినదీ, కాగితం మీద ఉన్నదీ ఒకటే అయి ఉండాలన్నది మా పని. ఒక్క బస్తా తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి లెక్కించేవాళ్లం. ఆ అలవాటు ఒంట్లోంచి పోలేదు. పోయి ఉంటే ఎంత బాగుండేది.

లాక్‌డౌన్ ఇరవయ్యో రోజు, సోమవారం పొద్దున్న, అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఆవిడకు ఏడాదిగా గుండె జబ్బు, కరోనా కాదు. ఇక రోజులు లేవని డాక్టరు ఫోన్లోనే చెప్పేశాడట. ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టాడు. గొంతు సన్నబడింది కానీ నోరు మాత్రం తగ్గలేదు. "ఏటే, ఓడల్నే పంపించీదానివి, నీకో బస్సు దొరకదేటే?" అంది. వస్తన్నానక్కా అన్నాను.

బస్సులు లేవు, ఆటోలు లేవు, నలభై కిలోమీటర్ల దారి. పాస్ ఉంటే కారు కట్టించుకుని పోవచ్చు. మా కోడలు ఫోన్లో దరఖాస్తు తెరిచింది. వెళ్లవలసిన కారణం రాశాం, ఆధార్ నంబర్లు రాశాం. తర్వాత, రోగికి మీరేమవుతారు అని ఒక గడి. తల్లి, తండ్రి, భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, చివర్న ఇతరులు.

"అక్క అని పెట్టీద్దాం అత్తయ్యా. ఎవులు సూడొచ్చారు?" అంది కోడలు.

"అక్క కాదు కదమ్మా, తోడికోడలు. ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నాను. పిల్ల నా మొహంలోకి చూసి, ఇతరులు అన్నది నొక్కి, పక్కన తోడికోడలు అని రాసింది.

మంగళవారమంతా పరిశీలనలో ఉంది అనే చూపించింది. పదకొండుసార్లు తెరిపించాను. సాయంత్రం అయిదింటికి జవాబు వచ్చింది: దగ్గరి బంధువు కాదు కనుక అనుమతి లేదు. బుధవారం మళ్లీ పెట్టాం, ఈసారి అక్క అనే. ఒకే మనిషి రెండు దరఖాస్తుల్లో రెండు చుట్టరికాలు చెప్పిందని దాన్ని ఆపేశారు. గురువారం పదింబావుకి అక్క పోయింది. అటు నలుగురు మోశారు. ఇటు నేను తలస్నానం చేసి ముందు గదిలో కూర్చున్నాను.

ఆలోచించిన కొద్దీ నాకు మండిపోయేది ఇదే. మేమిద్దరం అన్నదమ్ముల్ని చేసుకున్నవాళ్లం, ఆధార్ మీద ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. అక్క అని పెట్టి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. పోనీ, అది అబద్ధమయ్యేదా? తోడికోడలిని మన ఇళ్లలో ఏమని పిలుస్తాం? నలభై నాలుగేళ్లు నోరారా అక్కా అని పిలిచాను. ఆవిడ కొడుకు నన్ను పిన్నీ అంటాడు; తల్లి చెల్లెలైనా పిన్నే, తండ్రి తమ్ముడి భార్య అయినా పిన్నే. మన భాష కలిపేసిన దాన్ని నేను పనిగట్టుకుని విడదీశాను. ఊరందరి ముందూ రోడ్డు మీద నిలబడి నన్ను చెల్లి అన్న మనిషిని, నా చేత్తో నేనే ఇతరుల్లో పడేశాను.

అందుకే ఆదివారం ఆ పండుగప్ప కథ విన్నాక ఊరుకోలేకపోయాను. మీ పెద్దత్త ఆ రోజు అక్కడే మంచంలో ఉందని తెలుసా అని వాడిని అడిగాను. "తెల్సత్తా. ఆ ఈది సివర దాకా ఎల్లాం. భయమేసి దిగనేదు" అన్నాడు. నన్నెందుకు ఎక్కించుకోలేదురా అన్నాను. "నువ్వడగనేదు కదత్తా" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. కారు పాస్ వాడి దగ్గర ఉన్నట్టు నాకు తెలియదు, ఎవర్నీ అడగాలనీ తోచలేదు. నా దరఖాస్తు నా చేతిలో ఉందనుకున్నాను. కానీ వీధి చివర దాకా వెళ్లి చేపలతో తిరిగొచ్చినవాడు అయిదేళ్ల తర్వాత దాన్ని నలుగురిలో నవ్వుతూ చెప్పుకుంటాడా? ఆ రోజులే బాగున్నాయని వాళ్లమ్మ అంటుందా? ఎవరికి బాగున్నాయి? ఆకు మడవకుండానే లేచాను.

గాజువాక వెళ్లకుండా, బస్సులు మారి నేరుగా భీమిలి వెళ్లాను. అక్క కొడుకు మంచం వాల్చాడు. తెల్లవారగట్ల లేచి మొదటి బస్సుకు నడిచాను. ఇప్పుడు పాసులు లేవు, గడులు లేవు, ఎవరికి ఏమవుతావని అడిగేవాడు లేడు. సెలవు దొరికితే చాలు, జనం కార్లు కట్టుకుని సముద్రం చూడ్డానికి అదే రోడ్డున వస్తున్నారు. అప్పటి చెక్‌పోస్టు ఉన్నచోట జీడిపప్పు అమ్ముతున్నారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని గడియారం చూసుకున్నాను. డ్రైవరు ఎక్కాడు, తలుపు వేశాడు. రోడ్డు ఖాళీగా ఉంది.

జీవితమంతా వేళ తప్పినవాళ్లను విసుక్కున్నదాన్ని. ఆ బస్సు ఇప్పుడు సరిగ్గా అయిదుంబావుకే కదులుతోంది.