ఇంగ్లీషు సినిమాలో మేనబావ

దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చెవి మాత్రం నాకివ్వండి.

నేను చదివింది ఐదో తరగతి. కానీ ఒకసారి చూసిన సినిమా నా తలలోంచి పోదు. తొంభైల చివర్లో శామీర్‌పేట పక్కన మా ఊరికి కేబుల్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, అత్తగారు కునుకు తీసే వేళకు ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్లు. గుర్రబ్బండ్లు, నేలను ఊడ్చే గౌన్లు, కిటికీ దగ్గర నిలబడి ఏడ్చే ఆడపిల్లలు. అన్నీ పాత నవలలట. భాష ఒక్క ముక్క రాదు, ముఖాలు చూసి అర్థం చేసుకునేదాన్ని. సోమవారం మా ద్రాక్షతోటలో, గుత్తుల్లో చిన్నకాయలు కత్తిరించే ఆడవాళ్లకు ఆ కథ చెప్పేదాన్ని.

ఒక సినిమాలో పెద్ద బంగళా ఉన్నవాడు ఒక పిల్ల ఇంటికి వస్తాడు. పిలుపు లేదు, కబురు లేదు. తల్లి తన చేత్తో వడ్డిస్తుంది, పిల్ల తల ఎత్తదు. అంత చనువు ఇంకెవరికుంటుంది? మేనబావకే. అట్లాగే చెప్పాను. తోటలో అతను పెళ్లి మాట ఎత్తాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను వానలో తడుస్తూ వెళ్లిపోయాడు. సరిగ్గా అప్పుడే మా ఊళ్లో కరెంటు పోయింది.

ఇది వింటూ మా ద్రాక్షతోటలో ఒక ముసలామె కత్తెర ఆపేసింది. "మేనబావను వద్దన్నదా? గట్లెట్లంటదే!"

"అన్నది పెద్దమ్మా. నాయిన ముంగటనే అన్నది."

"మరి నాయిన సంపలే?"

"సంపుడేంది? నీకిష్టం లేకుంటే నాకూ వద్దు బిడ్డా అన్నడు. బండి కట్టిచ్చి సదువుకు తోలిండు."

ఆ నాయన ముచ్చటంతా నేను కల్పించిందే. కరెంటు పోతే కథ కూడా ఆగాలా?

పక్క సాలులో మా ఆడబిడ్డ ఉంది. అప్పుడే ఇంటర్ పాసైంది. తొట్టెలలో ఉన్నప్పుడే ఆమెను మేనబావకు, అంటే అత్తగారి అన్న కొడుక్కు, అనుకున్నారు. నీకు ఇష్టమా అని ఎవరూ అడగలేదు, అడిగే రివాజు లేదు.

"వదినా, వద్దని ఆమె ఎట్లన్నదో మల్లొక్కసారి జెప్పు" అంది. చెప్పాను.

కొన్నాళ్లకు అత్తగారి అన్న ఇంటివాళ్లు పూలు, పండ్లు పట్టుకొని సంబంధం ఖాయం చేసుకోవడానికి వచ్చారు. అందరూ కూర్చున్నాక ఆడబిడ్డ లోపలి నుంచి వచ్చి నిలబడింది.

"నాకొద్దు నాయినా. నేను మేడ్చల్ పోయి డిగ్రీ సదువుత."

వచ్చినవాళ్లు చాయ్ కూడా తాగకుండా లేచిపోయారు. అత్తగారు నా మీదికి తిరిగింది.

"గా ఇంగ్లీషు సినిమాలు జెప్పి పోరిని ఖరాబ్ జేసినవ్! మా అన్నకు నా మొకం ఎట్ల సూపియ్యాలె?"

"నేను కథే జెప్పిన అత్తా. వద్దన్న నోరు ఆమెది. మల్ల అడిగితే మల్ల జెప్త."

సాయంత్రానికి కేబుల్ వైరు కోయించింది. కోయించనీ. కథ వైరులో లేదు, నాలో ఉంది. మరునాడు తోటలో గొంతు పెంచి మొదటి నుంచీ చెప్పాను.

కొన్ని రోజులకు ఒక పొద్దున మామగారు పాలచెంబు కింద పెట్టి కూతుర్ని అడిగాడు.

"బిడ్డా, గా మేడ్చల్ బస్సు ఎన్నింటికొస్తది?"

సినిమాలో నేను పెట్టిన నాయన కూడా ఇంత బాగా మాట్లాడలేదు.

తర్వాత తోటలు పోయి ప్లాట్లు వచ్చాయి. ఆడబిడ్డ టీచరైంది, తనకు నచ్చినవాణ్ణి చేసుకుంది. ఒక పండుగకు కూతురితో మా ఇంటికి వచ్చినప్పుడు టీవీలో అదే సినిమా తెలుగు మాటలతో వచ్చింది. వాడు మేనబావ కాదట, పక్క ఊరి దొరట. వానలో పోయినవాడు మళ్లీ వచ్చాడు. ఆ పిల్ల నవ్వి చెయ్యి అందించింది, లగ్గమైపోయింది.

ఆడబిడ్డ నా వైపు చూసింది. "ఏంది వదినా గిది? చేసుకున్నది గదా!"

"గాళ్లు తప్పు తీసిన్రు."

"పాత నవలనాయె. అండ్ల గట్లనే ఉన్నదట."

"గయితే రాసినోళ్లే తప్పు రాసిన్రు. నేను జెప్పిందే ఖాయం."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత టీవీ కట్టేసి కూతుర్ని పిలిచింది.

"ఇటు రావే. అత్తమ్మ అసలు కథ జెప్తది."

చెప్పాను. మేనబావనే పెట్టాను, వద్దనే అనిపించాను. రేపు ఎవరడిగినా అట్లాగే చెబుతాను.

విన్న మీ ఇల్లు సల్లగుండాలి. మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి. మీ ఇంటి పిల్ల వద్దన్నప్పుడు బస్సు వేళ అడిగే మనిషి మీ గడపలో ఉండాలి.