అమ్మా నేనూ కడుపుతో ఉన్న ఎండాకాలం

తొమ్మిదో నెల పడగానే నన్ను పురిటికి తీసుకుపోవడానికి ప్రొద్దుటూరికి మా నాయన ఒక్కడే వచ్చాడు. ఆడబిడ్డను పురిటికి పిలుచుకుపోవాలంటే తల్లి రావాలి. తల్లికి కుదరకపోతే పిన్నమ్మో మేనత్తో రావాలి. అది తెలిసినవాడు గనకే నాయన వాకిట్లో చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి భుజాన వేసుకొని, లోపలికి రావడానికి మొహమాటపడుతూ నిలబడ్డాడు.

రాజధాని కర్నూలులో ఉన్న రోజులవి. మా ఆయన ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లులో పనిచేసేవాడు. మిల్లు వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. నాకు ఒళ్లు బరువైందని మా అత్త పులివెందుల నుంచి వచ్చి ఇంటిపని చూసుకుంటూ ఉండింది. మంచి మనిషే కానీ నోరు పెద్దది. ఏదీ కడుపులో దాచుకునే రకం కాదు.

"ఏమన్నా, వదిన రాలేదా?" అని నాయనను అడిగింది.

"ఒంట్లో బాగలేదు మా. అందుకే నేనే వచ్చినా."

"సీమంతానికి పులివెందులకొచ్చినప్పుడూ అట్లనే ఉండె. ఒక మూల కూర్చుని, బువ్వ తినీ తినకుండానే బస్సెక్కి పోయె. ఏం రోగమో చెప్పకపోతే ఎట్ల తెలుస్తాది?"

నాయన చెంబెడు నీళ్లు తాగి, చెంబు కింద పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ రాలేదన్న బాధ ఒకటి. అసలు ఆ రోజుల్లో నాకు దేనికైనా ఏడుపొచ్చేది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో దూరేవి కావు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, పక్కకు తిరగాలంటే మంచం పట్టె పట్టుకొని తిరగాలి. రెండు ముద్దలు తింటే గొంతు దాకా మంట. బిడ్డ కుడివైపు డొక్కలో మడమ పెట్టి నెట్టేది. ఆ చోట చేయి పెడితే గట్టిగా, చిన్న చింతపిక్కలాగా తగిలేది. కాన్పులో చచ్చిపోతానేమో అని రోజూ అనిపించేది. అది ఎవరితోనూ అనలేదు. అమ్మతో అందామని దాచుకున్నాను.

మా పుట్టింటి ఊరు జమ్మలమడుగు దాకా బస్సులో నాయన నాతో నాలుగు మాటలు మాట్లాడలేదు. గుంత వచ్చినప్పుడల్లా నా వీపు వెనక చేయి అడ్డం పెట్టేవాడు. బస్సు దిగి ఇంటివైపు నడుస్తున్నప్పుడు మాత్రం ఆగి అన్నాడు.

"పాపా, ఇంటికి పోయినాక మీ అమ్మను ఏమీ అనొద్దు."

"ఏంది నాయనా? ఏమైంది అమ్మకు?"

"నువ్వే చూస్తావు కదా."

పురిటికి వచ్చిన కూతురికి గడపలోనే ఎర్రనీళ్లతో దిష్టి తీస్తారు. మాకు ఆ నీళ్లు తెచ్చింది పక్కింటి సాయిబుల అవ్వ. లోపల వంటింట్లో అమ్మ పీట మీద కూర్చొని ఉంది. నన్ను చూసి లేవబోయింది. ఒక చేయి గోడకు ఆనించి, రెండో చేయి నడుము మీద పెట్టి, ముందు ఒక మోకాలు, తర్వాత ఇంకొకటి. నెలరోజులుగా నేను లేస్తున్నది కూడా అట్లాగే. పైట సర్దుకునేలోపే నాకు అంతా కనిపించింది.

నా తర్వాత అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. ఆ పైన ఎవరూ లేరు. నా పెళ్లినాటికే ఆమె ముందరి జుట్టు నెరిసింది. అట్లాంటి అమ్మ కడుపు నా కడుపుకన్నా ఒక వేలు ఎత్తుగా ఉంది.

"ముట్లు నిలిచిపోయినాయనుకున్నా అమ్మీ," అంది తల వంచుకొని. "లోపల కదిలినాక తెలిసె. అప్పటికి నువ్వూ కడుపుతో ఉండావని కబురొచ్చింది. ఏ మొగం పెట్టుకోని మీ అత్తకు చెప్పల్ల? అల్లుని ముందర ఎట్ల తిరగల్ల?"

చచ్చిపోతానేమో అనే భయం చెప్పుకొని ఏడుద్దామని వచ్చిన ఒళ్లో చోటు లేదు. ఆమె పక్కన కూలబడి, భుజానికి తల ఆనించాను. రెండు కడుపులూ అడ్డం వచ్చి సరిగా కౌగిలించుకోవడం కూడా కుదరలేదు.

ఆ ఎండాకాలం మేమిద్దరం ఒకరిని చూసి ఒకరం లేచేవాళ్లం, కూర్చునేవాళ్లం. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి చాప పరుచుకుంటే, లేచేటప్పుడు అవ్వ వచ్చి ఇద్దరి చేతులూ పట్టి లాగేది. తెల్లవారగానే నాయన కావడి వేసుకొని పెన్నలోకి పోయి, ఇసుకలో చెలమ తోడి నీళ్లు తెచ్చేవాడు. మొగవాడు నీళ్లు మోస్తుంటే వీధిలో ఆడవాళ్లు మూతులకు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్లు. తల్లీ కూతురూ ఒకేసారి అని గుసగుసలు. అవ్వ ఒక్కతే గట్టిగా అనేది: "ఏం సిగ్గు మా? ఎవరింట్లోనన్నా దొంగతనం చేసినావా?"

ఎడమవైపు తిరిగి పడుకోమని చెప్పింది అమ్మే. మోకాళ్ల నడుమ పాత చీర మడిచి పెట్టుకుంటే నడుము నొప్పి తగ్గుతుందని చెప్పింది. కడుపు రాయిలా బిగుసుకొని వదిలేస్తుంటే నేను బెదిరిపోయేదాన్ని. "అవి ఉత్త నొప్పులు. లేచి నాలుగడుగులు తిరుగు, పోతాయి. పోకపోతే అప్పుడు చూసుకుందాం," అనేది. ఒకరోజు నా భయం బయటపెట్టాను. అమ్మ నా నెత్తి నిమురుతూ, "నాకూ ఉండాది అమ్మీ ఆ భయం," అంది. ధైర్యం చెప్తుందనుకున్నాను. ఆ మాటే ఎందుకో ధైర్యంగా అనిపించింది.

నా బిడ్డ ఒకచోట ఉండేది కాదు. అమ్మ బిడ్డ నెమ్మది. "నీ మాదిరి కాదులే, నాది గమ్మునుండే పిల్ల," అని నా చేయి తీసుకొని తన కడుపు మీద పెట్టుకునేది. కాసేపు ఆగితే లోపల ఏదో మెల్లగా పక్కకు జరిగినట్టుండేది.

ఒక పొద్దున అమ్మ పొయ్యి ముట్టించకుండా కూర్చుంది.

"ఏంది మా?"

"నిన్న పొద్దుటి నుంచి కదల్లేదు."

నాయన జట్కా తెచ్చాడు. ముగ్గురం ఆసుపత్రికి పోయాం. డాక్టరమ్మ చెక్క గొట్టం అమ్మ కడుపు మీద పెట్టి చెవి ఆనించింది. జరిపి జరిపి పెట్టింది. కిందా మీదా, ఆ పక్కా ఈ పక్కా. ఆఖరికి గొట్టం బల్ల మీద పెట్టి అమ్మ చేయి పట్టుకుంది. ఆమె ఏమీ చెప్పకముందే అమ్మ కళ్లు మూసుకుంది.

చనిపోయిన బిడ్డనైనా కనాల్సిందే. ఆ నొప్పులూ అవే. నిండు చూలాలు అక్కడ ఉండకూడదని నర్సు నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టింది. లోపలి నుంచి అమ్మ మూలుగు వినిపిస్తోంది. నా కడుపులో బిడ్డ ఆ రోజు ఎన్నడూ లేనంతగా తిరిగింది. చీర పైకి కనపడేట్టు తన్నింది. నాయన ఎదురుగా నేల మీద కూర్చొని ఉన్నాడు. ఆయనకు కనపడకూడదని రెండు చేతులూ కడుపు మీద కప్పుకొని కూర్చున్నాను.

మగబిడ్డ. చూడొద్దన్నా పోయి చూశాను. చెవులు నాయన చెవుల్లాగే ఉన్నాయి. నాయన వాణ్ని తన కొత్త తువ్వాలులో చుట్టుకొని ఒక్కడే పెన్న గట్టుకు పోయాడు. స్నానం చేసి తడిబట్టలతో వచ్చాడు. మరునాడు తెల్లవారి మళ్లీ కావడి ఎత్తుకున్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మ ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకునేది. పాలు పడి రవిక తడిసిపోయేది. పాలు ఇగిరిపోతాయని అవ్వ రొమ్ముల మీద మల్లెపూలు పెట్టి గుడ్డతో బిగించి కట్టింది. గుడ్డ కూడా తడిసింది.

కబురు తెలిసి మా అత్త ప్రొద్దుటూరు నుంచి దిగింది. ఇట్లాంటి ఇంట్లో కాన్పు వద్దు, పులివెందులకు పిలుచుకుపోతానంటుందని అనుకున్నాను. ఆ పనిమీదే వచ్చిందట కూడా, తర్వాత చెప్పింది. కానీ నేరుగా అమ్మ పడుకున్న చోటికి పోయి, ఆ తడిసిన గుడ్డ చూసి, అట్లాగే నిలబడిపోయింది. తర్వాత చాప మీద కూర్చుంది.

"వదినా, నాకు చెప్పుంటే నవ్వుతాననుకున్నావా?"

అమ్మ తిరగలేదు.

"నవ్వుందునేమో," అంది అత్త. "తర్వాత వచ్చి నీకు ఇంత బువ్వ వండిపెట్టుందును కదా."

లేచి కొంగు దోపుకొని వంటింట్లోకి పోయింది. మళ్లీ పులివెందుల మాట ఎత్తలేదు.

అమ్మ పురుడు తీరకముందే నాకు నొప్పులు వచ్చాయి. ఈసారి నాలుగడుగులు తిరిగితే పోయేవి కావు. ఇంట్లో ఉండమన్నా వినకుండా అమ్మ కూడా జట్కా ఎక్కింది. మొన్న తాను కన్న గదిలోకే నాతో వచ్చి, నా తల దగ్గర నిలబడింది. "గట్టిగా అరుచు అమ్మీ, సిగ్గుపడొద్దు," అంటూ ఉండింది. పొద్దు వాలేసరికి కూతురు పుట్టింది. గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే అమ్మ కొంగుతో నా మొగం తుడిచింది.

మూడోనాటికి, ఇంకా పాలు పడకముందే, నాకు చలిజ్వరం పట్టుకుంది. సూదులు వేశారు. జ్వరం తగ్గేదాకా బిడ్డకు పాలివ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది. గ్లూకోజు నీళ్లు దూదితో పిండితే బిడ్డ కక్కేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. అత్త బిడ్డను ఎత్తుకొని గదిలో అటూ ఇటూ తిరిగి, ఉన్నట్టుండి అమ్మ ముందర ఆగింది.

"వదినా, నువ్వియ్యి."

అమ్మ బిడ్డను అందుకోలేదు. నా వైపు చూసింది. జ్వరంలో కూడా ఆ చూపు నాకు అర్థమైంది. తలూపాను.

అమ్మ రొమ్ముకు కట్టిన గుడ్డ విప్పుకొని బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. బిడ్డ పట్టుకున్న చప్పుడు నా మంచం దాకా వినిపించింది. అప్పుడు ఏడ్చింది మా అమ్మ. శబ్దం లేకుండా, బిడ్డ కదలకుండా ఏడ్చింది. నాకు నిమ్మళంగానూ ఉంది, బాధగానూ ఉంది. నా బిడ్డ మొదట తాగిన పాలు నావి కావు. అవి వేరే బిడ్డ కోసం వచ్చినవి.

జ్వరం తగ్గాక కూడా నాకు పాలు చాలేవి కావు. అందుకని ఇంటికి వచ్చినాక ఇద్దరం ఇచ్చాం. రాత్రి నేను, పగలు అమ్మ. మా ఆయన చూడటానికి వచ్చినప్పుడు అత్త ఆ సంగతి మామూలు మాటలాగా చెప్పేసింది. అమ్మ సిగ్గుతో లోపలికి పోలేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకొని అక్కడే కూర్చుంది. నేను ప్రొద్దుటూరికి తిరిగి వచ్చేనాటికి నా పాలు సరిపడా వచ్చాయి. పయనమయ్యే రోజు అమ్మ ఆఖరిసారి పాలిచ్చి, మూతి తుడిచి, బిడ్డను నా చేతికిచ్చింది. పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. నాయన బస్సు పోతుందని కేక వేస్తే అప్పుడొచ్చింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ పిల్లవాడి మాట ఎవరూ ఎత్తలేదు. నా కూతురు పెద్దమనిషైనప్పుడు ఆడవాళ్లు పీట మీద కూర్చోబెట్టి, మేనమామ వరస వాళ్లు ఎవరైనా ఉంటే రమ్మని పిలిచారు. నాకు తోడబుట్టినవాళ్లు లేరని అందరికీ తెలుసు. మేనమామ వరసయ్యే దూరపు చుట్టం ఒకతను చీర తెచ్చి పెట్టాడు. అమ్మ నా పక్కకు వచ్చి మెల్లగా అంది.

"వాడుంటే దీనికంటే రవంత పెద్దోడు, అంతే కదా అమ్మీ."

"అవును మా," అన్నాను.

ఇద్దరం పిల్లకు అక్షింతలు వేయడానికి లేచాం.