డోలక్ ఆగిన ఆదివారాలు

మొన్న ఆదివారం ఆరాధనలో నా ముందు వరుసలో ఎవరో పెద్దావిడ వచ్చి కూర్చున్నారు. పెట్టెలోంచి అప్పుడే తీసిన తెల్లచీర, దాన్నుంచి నాఫ్తలీన్ ఉండల వాసన. పాట నడుస్తోంది గాని నా మనసు అందులో లేదు. గాజువాక దగ్గర మా పాత కాలనీకి, రేకుల కప్పున్న మా చిన్న చర్చికి, అక్కడ ఏళ్ల తరబడి పాటలు నడిపించిన సువార్తమ్మ గారి దగ్గరికి వెళ్లిపోయింది. వారమంతా కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టే ఆవిడ, ఆదివారం అలాంటి తెల్లచీరే కట్టుకుని అందరికంటే ముందు వచ్చేవారు. మా వీధి మనిషే కాబట్టి నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆవిడ పాడితే నేను డోలక్ వాయించేవాణ్ణి. నాకు దేవుడు తెలిసింది ఎక్కువగా ఆ రెండు శబ్దాల మధ్యనే.

తొంభైల చివర్లో, ఇంకా పెళ్లికాని వయసులో, నేను పనిచేసే వర్క్‌షాపులో నా కుడిచెయ్యి ప్రెస్సు మిషను కింద పడింది. రెండు వేళ్లు పోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక చర్చికి వెళ్లడం మానేశాను. చూడటానికి వచ్చినవాళ్లు ఇందులో దేవుడి ఉద్దేశం ఏదో ఉంటుందన్నారు. ప్రాణం దక్కింది, స్తోత్రం చెప్పుకోమన్నారు. వాళ్ల ముందు తల ఊపేవాణ్ణి. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

సువార్తమ్మ గారు వచ్చిన రోజు కట్టు విప్పి ఉంది. అందరూ చూపు తప్పించే ఆ చేతిని ఆవిడ తన ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమిరారు. తరువాత, "ప్రార్థన సేత్తన్నావా?" అని అడిగారు.

"లేదు పెద్దమ్మా. నోరు తెరిస్తే తిట్లే వస్తన్నాయి."

"అయితే అవే సెప్పు. ఆయన మీద కోపం ఆయనకి కాక ఇంకెవరికి సెప్తావు? మా పాప జ్వరంతో పోయినపుడు నాను ఏడాది పాట ముట్టలేదురా. వంట సేత్తా తిట్టేదాన్ని. ఆయన ఎటూ పోలేదు."

ఆవిడకు ఒక కూతురుండేదని అప్పటిదాకా నాకు తెలియదు. ఆవిడ వెళ్లాక తలుపు వేసుకుని కడుపులో ఉన్నదంతా పైకే అనేశాను. నా చెయ్యే దొరికిందా అని అడిగాను. ప్రమాదం తరువాత మొదటిసారి ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో నేను ఒంటరిగా లేననిపించింది. అదెలాగో ఈరోజుకీ విడమరిచి చెప్పలేను.

నెమ్మదిగా మళ్లీ చర్చికి వెళ్లి వెనక కూర్చోవడం మొదలుపెట్టాను. డోలక్ మీద గుడ్డ కప్పి ఉంది. నేను రాని నెలలన్నీ వాద్యం లేకుండానే పాడారట. క్రిస్మస్ దగ్గరపడుతుంటే పాస్టరుగారు మల్కాపురం నుంచి మరొకరిని పిలుద్దామన్నారు. నేనూ అదే మంచిదన్నాను.

"ఆ జాగా సుధాకర్‌ది అయ్యగారూ. ఖాళీగా ఉంటే ఉండనీండి," అన్నారు సువార్తమ్మ గారు నన్ను చూపిస్తూ.

నాకు చిరాకేసింది. బయటికొచ్చాక, "ఇంక నానేటి వాయిస్తాను పెద్దమ్మా? నన్నొగ్గేయి," అన్నాను.

"నిన్నేటీ లాగట్లేదురా. నీకు రాబుద్ధయినపుడు సోటుండాలి కదా," అన్నారు చెప్పులు తొడుక్కుంటూ.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం, పాట మధ్యలో, ఎందుకో లేచి ముందుకెళ్లి గుడ్డ తీశాను. మిగిలిన వేళ్లతో వేసిన దెబ్బ పాటకంటే వెనకబడిపోయింది. ఆపేద్దామనుకునేసరికి ఆవిడ నావైపు చూడకుండానే పాట వేగం తగ్గించారు. ఆవిడ వెనకే ఆడవాళ్లు నెమ్మదించారు, తరువాత మగవాళ్లు. ఎప్పుడూ గబగబా సాగే పండగ పాటను ఆ రోజు సంఘమంతా నా చేతి నడకతో, జోలపాటలా పాడింది. నా ప్రశ్నలేవీ తీరలేదు. వాటితోనే దేవుడి దగ్గర కూర్చోవచ్చని మాత్రం తెలిసింది.

కొన్నేళ్లకు ఆవిడ పోయారు. సమాధి దగ్గర పాటలకు నేనే వాయించాను. ఇప్పుడు కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళితే దేవుడి ఉద్దేశాల గురించి ఏమీ మాట్లాడను, పక్కన కూర్చుంటాను. నా ప్రార్థన కూడా అందంగా ఉండదు. చాలా రోజులు ఫిర్యాదుతోనే మొదలవుతుంది. స్తోత్రం ఆలస్యంగా వస్తుంది. వచ్చేదాకా మోకాళ్ల మీంచి లేవను.