పేరు చదవరాలేదని రాసిన

ఆరేండ్ల నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్న. పెద్దదేం కాదు. కంప్యూటర్ల ఒక గడిల టైపు చేసిన రెండు ముక్కల అబద్ధం. నోటితోని చెప్పినదైతే గాలికి పోతుండె. ఇది రాతల ఉన్నది. ఎవరైనా, ఏ ఊరి నుంచైనా తెరిచి చూడొచ్చు. ఎవ్వరూ చూడలేదు. చూడకుండ ఉండేటట్టే రాసిన గనుక.

మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు చెప్పబుద్ధయితుంది.

మాది గద్వాల. మగ్గాల ఇల్లు. నాయిన ఇప్పటికీ పొద్దుగాల లేస్తె గుంతల కాళ్ళు పెట్టి మగ్గం ముందర కూసుంటడు. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసుడు మా ఊర్ల శానమందికి వచ్చు. కని జొన్నకంకి అంచు అంటె మాత్రం మా ఇల్లే. సన్నటి గింజల వరుస, పక్కన రెండు ఆకులు, కొసకు జర వంగిన కంకి. దాన్ని మా ముత్తాత పుట్టించిండని, సంస్థానం కచేరికి పిలిచి శాలువ కప్పిండ్రని నేను పుట్టినకాడి నుంచి వింటున్న. మా ఇంటిపేరు తెల్వనోళ్ళు కూడ మమ్ముల కంకోళ్ళనే అంటరు.

నేను నేత పట్టలేదు, చదువుకున్న. వనపర్తిల ఒక పాత బంగళాల, సంస్థానాల నాటి కాగితాలను ఫోటోలు తీసి ఇంటర్నెట్ల పెట్టే పని మొదలైతె అండ్ల చేరిన. ఈ మాట గర్వంగనే చెప్త: ఆ పని నేను మస్తు మంచిగ చేసిన. ఎర్రగుడ్డ మూటలు విప్పితె చెదలు తిన్నవి కొన్ని, తడిసి ఒకదానికొకటి అతుక్కున్నవి కొన్ని, ముట్టుకుంటె పొడయ్యేటివి కొన్ని. మెత్తటి కుంచెతోని దుమ్ము దులిపి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్క మడత విప్పేదాన్ని. నా చేతుల ఒక్క కాగితం చిరగలేదు. ఉర్దూ రాకపోతె ముప్పై దాటినంక అలిఫ్ బే నుంచి మొదలుపెట్టి నేర్చుకున్న. గుమాస్తల గొలుసుకట్టు రాత చదవనీకె ఇంకో రెండేండ్లు పట్టింది. ఒకసారి తిమ్మాజిపేట నుంచి ఒక రైతు వచ్చిండు. వాళ్ళ తాత వేలిముద్ర తెర మీద చూపిస్తె, దాని మీద తన బొటనవేలు ఆనించి శానసేపు తీయలేదు. ఆ కాగితాన్ని చీకట్ల నుంచి బయటికి తెచ్చింది నేను. ఆ గర్వం నాకింకా తగ్గలేదు. తగ్గాల్నా? గసొంటి అబద్ధం రాసినంక గర్వపడే హక్కు ఉంటదా? ఇయ్యాలటికీ నాకు తెల్వదు.

ఫోటో తీసుడు సగం పనే. కింద వివరం రాయాలె. ఎవరు రాసిండ్రు, దేని గురించి, ఏ ఊరు. పాత చేతిరాతను మా కంప్యూటర్ చదవలేదు, మేము టైపు చేసిన వివరంలనే వెతుకుతది. అండ్ల పేరు లేకుంటె ఆ కాగితం ఉన్నా లేనట్టే.

ఒక పొద్దుగాల ఒక మూటల సాయమ్మ అనే ఆమె పెట్టిన అర్జీ దొరికింది. తెలుగుల, గుండ్రటి అక్షరాలతోని ఎవరితోనో రాయించుకున్నది. సాయమ్మ మొగడు పోయిన మనిషి, గద్వాలల సొంతంగ మగ్గం నడిపేది. జొన్నకంకి అంచు తన మగ్గం మీద తను పుట్టించిందట. తను జ్వరంతోని మంచాన పడ్డప్పుడు, తన దగ్గర కూలికి నేసే మనిషి ఆ అంచును చీర మీద దించి, కచేరికి తీసుకపోయి తనదని చెప్పుకున్నడట. శాలువ అక్కరలేదు, ఇంకేదీ అక్కరలేదు, అంచు సాయమ్మదని ఒక్క మాట రాసిస్తె చాలని అడిగింది.

ఆ కూలి మనిషి పేరు మా ముత్తాత పేరు. మా ఇంటిపేరుతోని సహ ఉన్నది.

పక్కన ఉర్దూల ఒక గుమాస్త రెండు మాటలు రాసిండు. దాఖిల్ దఫ్తర్. అంటె విచారణ లేదు, మూటల కట్టి పెట్టుండ్రి అని.

ఎంతసేపు చూసిన్నో గుర్తులేదు. అర్జీల రాసిందంత నిజమే అయి ఉండాల్నా అనుకున్న. ఉండకపోవచ్చు. కని నిజమా కాదా తేల్చుడు నా పని కాదు, ఉన్నదున్నట్టు రాసుడే నా పని. అది నాకు మంచిగ తెలుసు. ఫోటో జాగ్రత్తగ తీసిన. వివరంల గిట్ల రాసిన: "నూలు గురించి అర్జీ. పేరు చదవరాలేదు."

గొలుసుకట్టు ఉర్దూ చదివే నేను, చిన్నపిల్లలు చదివే తెలుగు అక్షరాలు చదవరాలేదని రాసిన.

నాయిన కోసం చేసిన అనుకున్న. ఆ నెలలనే ఊర్ల ఆయనకు సన్మానం పెట్టుకున్నరు. నడుములు పోయినా, కండ్లు మసకబారినా ఆయన మగ్గం ఇడవంది ఆ అంచు కోసమే. ఆ మనిషికి ఈ కాగితం ఎట్ల చూపిస్త? ఇట్ల నాకు నేను మస్తు సార్లు చెప్పుకున్న. కని నిజంగ నాయిన కోసమేనా? పనిల చేరిన మొదటి రోజు, అడగకముందే, నేను జొన్నకంకోళ్ళ బిడ్డనని అందరికీ చెప్పుకున్నది నేను. చింపలేదు గదా, కాల్చలేదు గదా అని కూడ అనుకున్న. చింపనందుకు నన్ను నేను మెచ్చుకున్న కూడ. గుమాస్త మూటల పెట్టిండు, నేను ఇంటర్నెట్ల పెట్టిన, అంతే తేడా.

అంతటితోని అయిపోతె బహుశ ఇయ్యాల ఇది రాయకపోతుండె.

కొన్ని నెలలకు బిజినేపల్లి నుంచి ఒక రిటైర్డు టీచరమ్మ వచ్చింది. తెల్లచీర, భుజానికి గుడ్డ సంచి. కుర్చీల కూసొని నెమ్మదిగ అడిగింది.

"బిడ్డా, మా అవ్వ చెప్తుండె. వాళ్ళ అవ్వ సాయమ్మ గద్వాలల నేసేదంట. ఏదో అంచు గురించి కచేరిల అర్జీ పెట్టిందంట. మీ కాగితాలల్ల ఉంటదా?"

"చూస్త, కూసోండ్రి అమ్మా."

సాయమ్మ అని టైపు చేసిన. ఏమీ దొరకలేదని వచ్చింది. ఆమెకు కనపడేటట్టు తెరను ఆమె దిక్కు తిప్పిన.

"లేదమ్మా."

"జర ఇంకోపారి చూడరాదు."

చూసిన. అదే పేరు, అదే జవాబు.

"నువ్వు చూసి లేదంటె ఇగ లేనట్టే. నీ పని గురించి అందరు మంచిగ చెప్పిండ్రు." ఆమె లేచి సంచి సర్దుకున్నది. "మా అవ్వ ఊకనె చెప్పిందేమో. ముసలామె, ఏదో గొప్పకు చెప్పుకున్నట్టుంది" అని చిన్నగ నవ్వింది.

ఆమెకు మంచినీళ్ళు ఇచ్చిన. బస్టాండు దాక ఆటో మాట్లాడి ఎక్కించిన. ఆటో మలుపు తిరిగే దాక వాకిట్లనే నిలబడ్డ. అబద్ధమాడింది నేను, అబద్ధాలకోరు అయింది ఎప్పుడో పోయిన ఆ అవ్వ. ఆ మాట అప్పుడే అర్థమైంది. అర్థమై కూడ లోపలికి పోయి పనిల కూసున్న.

ఈ వానకాలం పోస్టుల ఒక పలుచటి పుస్తకం వచ్చింది. టీచరమ్మ తమ దిక్కు నేత కుటుంబాల ముచ్చట్లు కూర్చి సొంతంగ అచ్చేయించింది. మొదటి పేజీల నా పేరు. ఓపికగ వెతికి పెట్టినందుకు కృతజ్ఞతలట. లోపల ఒక చోట రాసింది, మా ఇంట్ల ఒక అంచు గురించి పెద్దలు చెప్పిన మాట ఒకటి ఉన్నది, కాగితాలల్ల ఆధారం దొరకలేదు గనుక దాన్ని ఈ పుస్తకంల చేర్చలేదు అని.

ఆ వాక్యం ఎన్నిసార్లు చదివిన్నో. సొంత అవ్వ చెప్పిన మాటను, కడుపుల పెట్టుకున్న మాటను, ఆధారం లేదని పక్కకు పెట్టింది. నేను చేయాల్సిన పనిని నాకంటె మంచిగ చేసింది. ఆరేండ్లల్ల సిగ్గు పడ్డ రోజులు ఉన్నయి, భయపడ్డ రోజులు ఉన్నయి. ఆ రోజు మాత్రం నా పని మీద నాకున్న గర్వమే నన్ను కూసోనియ్యలేదు. ఇంత మంచి పనిల ఆ ఒక్క గడి అట్ల ఉండొద్దు అనిపించింది.

ముందుగాల నాయినకు చెప్పిన. అర్జీని ఫోన్ల పెద్దగ చేసి చదివి వినిపించిన. పోగు పట్టుకున్న చెయ్యి ఆగింది.

"ఇన్నేండ్లు నేసింది మనమే గదా" అన్నడు.

"నేసింది మనమే నాయినా. పుట్టించింది ఆమె అంటుంది."

ఆయన మళ్ళ పోగు అందుకున్నడు. ఆ రోజు నుంచి నాతోని అవసరమైన మాటలే మాట్లాడుతుండు.

మరుసటి రోజు ఆఫీసుల వివరం మార్చిన. సాయమ్మ, గద్వాల, జొన్నకంకి అంచు తనదని అర్జీ. ఎవరి మీద పెట్టిందో ఆ పేరు కూడ, ఇంటిపేరుతోని సహ. మా కంప్యూటర్ల ఏది మార్చినా పాతది చెరిగిపోదు, ఎందుకు మార్చిండ్రో రాయమని అడుగుతది. అచ్చు తప్పు అని రాయొచ్చు. అందరం అదే రాస్తం. నేను రాసిన: "పేరు స్పష్టంగ ఉన్నది. తెలిసే రాయలేదు. రాయనిది నేనే." కింద నా పేరు పెట్టిన. వెతికితె ఇప్పుడు సాయమ్మ దొరుకుతది. ఆ పేరును నా చేతులతోనే టైపు చేసిన. దానికి కూడ గర్వపడుతున్న, ఏం జేయాలె, నా గుణమే గంత.

తర్వాత టీచరమ్మకు ఫోన్ చేసి ఎక్కడ చూడాల్నో చెప్పిన. గంటకు ఆమెనే మళ్ళ చేసింది. గొంతుల కోపం లేదు. అది ఉంటె బాగుండె.

"చదివిన. ఆ రోజు నేనొచ్చినప్పుడు ఇది నీకు తెలుసా?"

"తెలుసమ్మా. మీరు రాకముందే చదివిన."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఇప్పటిదాక మళ్ళ చేయలేదు. నేనూ చేయలేదు. చేసి ఏమడగాలె? క్షమించమని అడుగుడంటె ఆమె మీద ఇంకో పని పెట్టుడే.

తెలుసని చెప్పినప్పుడు నా గొంతు వణకలేదు. అదొక్కటి గుర్తున్నది. ఫోన్ పక్కకు పెట్టి, చేతులు కడుక్కొని, తెచ్చుకున్న సద్ది విప్పి మెతుకు మిగలకుండ తిన్న.