పొయ్యికి తెచ్చిన రాయి

నేను హుకుంపేట దగ్గరి ఒక బడికి టీచరుగా బదిలీ అయి వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఒక ఆదివారం, నాతో పనిచేసే ఇద్దరు టీచర్లతో కలిసి ఏటి నడుమ ఉన్న దిబ్బ మీదికి పిక్నిక్‌కి వెళ్ళాను. ముగ్గురివీ మైదానపు ఊళ్ళే. చలికాలం కావడంతో నీళ్ళు మోకాలు దాటలేదు. చీరలు ఎగదోపుకుని, గిన్నెలు నెత్తిన పెట్టుకుని నవ్వుకుంటూ దాటాం.

దిబ్బ మీద మనుషుల అలికిడి లేదు. ఎత్తుగా పెరిగిన గడ్డి, నాలుగు చింతచెట్లు, వాటి కింద చల్లటి నీడ. ఫోన్లకు సిగ్నల్ లేదు. అదే హాయి అనుకున్నాం.

పొయ్యి పెట్టడానికి నీళ్ళ అంచున రెండు రాళ్ళు దొరికాయి. మూడోదాని కోసం వెతుకుతూ చెట్ల కిందికి వెళ్తే, అక్కడ పలకరాళ్ళు నిలువుగా, వరసగా పాతి ఉన్నాయి. పెద్దవి నా నడుము ఎత్తున్నాయి. చివరిది మాత్రం మూరెడు కూడా లేదు. పసుపు లేదు, బొట్టు లేదు, పేరు లేదు. మా ఊళ్ళో మొక్కే రాయికి ఇవి ఉంటాయి. పశువుల్ని కట్టుకోవడానికి ఎవరో పాతారనుకున్నాను. ఆ చివరిదాన్ని అటూ ఇటూ ఊపితే ఊడి వచ్చింది.

అన్నం వార్చి, పప్పు పొయ్యి మీద ఉండగా అవతలి ఒడ్డు నుంచి ఒకామె ఏరు దాటి వచ్చింది. చేతిలో ఆకు దొన్నె ఉంది.

"పిక్నిక్కా మేడమ్?" అని నవ్వుతూ అడిగింది.

"అవునమ్మా. రా, మాతో తిందువుగాని."

వద్దన్నట్టు తల ఊపి, నేరుగా చెట్ల కిందికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"ఇక్కడి రాయి ఏటయింది?"

నేను వేలెత్తి పొయ్యి వైపు చూపించాను.

"అది మా గుంటది, నా కూతురిది," అందామె. "నాలుగేళ్ళ గుంట. జొరమొచ్చి పోయింది. పోయినోళ్ళకి ఇక్కడ రాయి పాతుతాం. అది దాని రాయి."

ఆమె గబగబా వచ్చి మండుతున్న కట్టెల మధ్య చెయ్యి పెట్టబోయింది. ఆ చెయ్యి పట్టుకుని లాగాను. "కాలుతుందమ్మా! ఉండు, ఉండు" అంటూ పప్పుగిన్నె దించేసి, బిందె ఎత్తి నీళ్ళన్నీ రాయి మీద కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. వెంటనే టప్పుమని చప్పుడు.

ఆవిరి తగ్గాక చూస్తే రాయి రెండు ముక్కలై ఉంది.

ఖాళీ బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్కనున్న టీచరు ఏడవడం మొదలుపెట్టింది. ఆ తల్లి మాత్రం ఏడవలేదు. వేడి తగ్గేదాకా కూర్చుని, కొంగుతో మసి తుడిచింది.

"నేను పాతుతానమ్మా" అన్నాను.

"వొద్దు. నువ్వు ముట్టుకోకు."

రెండు ముక్కల్నీ చెట్ల కిందికి తీసుకెళ్ళి, నేను రాయి పీకిన గోతిలోనే ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, చుట్టూ మట్టి అదిమింది. దొన్నెలోని సామన్నం వాటి ముందు పెట్టింది. "మీరు తినండి" అని మా వైపు చూడకుండానే ఏరు దాటి వెళ్ళిపోయింది. మేం ఒక్క మెతుకు ముట్టలేదు.

వారం తర్వాత, అడుగుతూ అడుగుతూ ఆమె ఊరు వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, కొత్త రాయి తెప్పిస్తానన్నాను.

"రాయి మారిస్తే దానికేటి తెలుత్తాది? ఎతుక్కుంటాది. అదే ఉండనీ," అంది. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తాగుతుంటే మెల్లగా చెప్పింది. "కోపం నేదు మేడమ్. నిన్ను సూత్తే ఆ సప్పుడే ఇనిపిత్తంది. ఇంక రాకు."

చెంబు గుమ్మం పక్కన పెట్టి వచ్చేశాను. ఇప్పటికీ ఆ బడిలోనే పనిచేస్తున్నాను. ఆ ఊరి పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు. ఆమె ఇంటి వైపు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు.