మోగిన స్ప్రింగు

ఇంటి ముందు నా ముసలి స్పోర్ట్స్ కారుకు తుప్పు పట్టిన సస్పెన్షన్ స్ప్రింగులు మారుస్తున్నాను. విప్పిన స్ప్రింగుకు పానా తగిలి ఖంగుమంది. ఆ మోతతో మా ఊరు కాటారంలోని వాకిలి, తడి కల్లాపి వాసనతో సహా, కళ్లముందుకు వచ్చింది.

లారీ కమానుపట్టీని, అంటే దాని స్ప్రింగు పట్టీని, సాగగొట్టి కమ్మరి చేసిన కొడవళ్లు గుర్తున్నాయా దోస్తులూ? ఎంత తుప్పు పట్టినా మా అవ్వ వాటిని రాయికి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. అలాంటి కొడవలినే ఓ ఎండాకాలం ఐస్‌బండికి పాత ఇనుము కింద ఇచ్చి ఐస్‌ఫ్రూట్ తిన్నాను. అవ్వ తిట్టలేదు. ఎర్రబడ్డ నా నాలుక చూసి, "మోగించి చూసినవా బిడ్డా? దానికి ఇంక పాణమున్నది" అన్నది.

"బాపూ, గిది పాత ఇనుముల ఏద్దామా?" అంది కారు పక్కన నిలబడ్డ మా అమ్మాయి, విప్పిన స్ప్రింగును చూపిస్తూ.

"జర విను, బిడ్డా" అని స్ప్రింగును తన చెవి దగ్గర పెట్టి, పానాతో మెల్లగా తట్టాను.