నాపరాళ్ల నడుమ నీటిగుంత

మామ మునిగిన చోట బుడగలు ఆగిపోగానే నాకు భయం పట్టుకుంది.

చిన్నప్పుడు అవ్వతో, మామతో ఎద్దులబండిలో మహానందికి పోతూ, నాపరాళ్ల నడుమ దిగబడిన ఆ నీటిగుంత చూసి ఆగాం. ఈత నేర్పుతానని మామ మునగకుండా నా నడుముకు ఎండు బెండ్లు కట్టాడు. కొత్త నీళ్లు కదా అని ముందు తానే దూకాడు. నేను ఏడుస్తూ బెండ్లు విప్పేసేలోపు గుప్పెడు బురదతో పైకి తేలాడు.

"అడుగు చూసొచ్చినా, గుండ్లేం లేవు. రా పాపా."

"రాను. నువ్వు సచ్చిపోయినావు."

"సచ్చినోడు బురద తెస్తాడా?" అని బండిలోంచి అవ్వ నవ్వింది.

నేను దిగలేదు. మామ అంతసేపు మునిగింది నా కోసమేనని అప్పుడు తెలియలేదు. ఈత రాకుండానే పెద్దదాన్నయ్యాను.

నిన్న మా పిల్లలు బావిలో ఈతకు పోతామంటే ఆ భయంతోనే వద్దన్నాను. రాత్రంతా మామ తెచ్చిన ఆ గుప్పెడు బురదే గుర్తొచ్చింది. ఈ పొద్దున్నే వాళ్లను లేపి, "నాయనతో పోండి. నీళ్లల్లో ఎట్లుంటాదో వచ్చి నాకు చెప్పండి," అన్నాను.